మూగజీవి కడపటి గడియ



మన సంఘములలో అనేకులు చాటుగా అడుగుచు, ప్రసంగపీఠము మీదనుండి జవాబు వినని ప్రశ్న యొకటి కలదు. పది పన్నెండేండ్లు మన ముంగిట కావలి కాచి, మన చేతి అన్నము తిని, మన మంచము క్రింద పండుకొనిన కుక్క ముసలిదై రోగముపాలైనది. బాగుపడునను ఆశ లేదు. రాత్రింబగళ్లు మూలుగుచున్నది. అట్టి స్థితిలో పశువైద్యుని ఇంటికి పిలిపించి సూదిమందుతో దాని ప్రాణము తీయించుట క్రైస్తవునికి తగునా? అడుగువారు సిగ్గుపడుచు అడుగుదురు. కుక్కను గూర్చి అయ్యగారిని అడిగితిమని నలుగురు నవ్వుదురేమో యని వారి భయము. ఇందులో నవ్వవలసినదేమియు లేదు. ప్రాణమిచ్చినవాడు దేవుడని నమ్మువారికి ప్రాణమును గూర్చిన యే ప్రశ్నయు చిన్నది కాదు.

ముందుగా మాటను సరిచూచుకొందము. పట్టణములలో డాక్టర్లు ఈ పనిని "నిద్రపుచ్చుట" అందురు. ఇంగ్లీషువారి పలుకుబడి మన భాషలోనికి వచ్చి చేరినది. అయితే మన క్రైస్తవులకు నిద్ర అను మాట వేరొక అర్థముతో అలవాటైయున్నది. మన సమాధితోటలలో రాళ్లమీద ప్రభువునందు నిద్రించినవారని చెక్కించుదుము. మేలుకొనుట యున్నదను నిరీక్షణతోనే ఆ మాట వాడుదుము. యోహాను సువార్త పదకొండవ అధ్యాయములో ప్రభువు లాజరును గూర్చి మొదట నిద్రించుచున్నాడని చెప్పెను. శిష్యులు దానిని మామూలు నిద్రయనుకొనగా, ఆయన దాచక, అతడు చనిపోయెనని స్పష్టముగా చెప్పెను. మనము కూడ అట్లే స్పష్టముగా మాటలాడుట మంచిది. మనము చేయింపబోవునది చంపుటయే. ఆ మాట నోట పలుకుటకు భయపడువాడు ఆ పని తగునో తగదో తేల్చుకొనలేడు.

ఇక ఆజ్ఞ మాట. నిర్గమకాండము ఇరువదియవ అధ్యాయములోని ఆరవ ఆజ్ఞను మన తెలుగు బైబిలును అనువదించినవారు వట్టి హత్య అని గాక నరహత్య అని వ్రాసిరి. హెబ్రీ మూలములోని క్రియ కూడ మనుష్యుని చంపుటను గూర్చియే వాడబడినది. ఆదివారము మధ్యాహ్నము కోడికూర వండుకొనువారమైన మనము ఆ ఆజ్ఞను చూపి కుక్క విషయమై తీర్పు చెప్పుట పొసగదు. అయినను ఇంతటితో ప్రశ్న తీరిపోదు. ఆదికాండము మొదటి అధ్యాయములో జలచరములకును భూజంతువులకును వాడిన "నెఫెష్ హయ్యా" అను హెబ్రీ మాటనే రెండవ అధ్యాయములో ఆదామునకును వాడిరి. జీవముగల ప్రాణి యని దాని భావము. వాటియందును మనయందును ఆడుచున్న ఊపిరి ఒక్కని చేతినుండియే వచ్చినది. జలప్రళయము తరువాత దేవుడు చేసిన నిబంధన కూడ నోవహుతో మాత్రమే కాదు, ఓడలోనుండి వెలుపలికి వచ్చిన ప్రతి జీవితోను చేయబడెను. కాబట్టి పశువు ప్రాణము తీయుట నరహత్య కాదు గాని, ఊరక చేయదగిన పనియును కాదు.

మనకును మన యింటి జీవికిని నడుమనున్న బంధమేమిటి? నాతాను ప్రవక్త దావీదునకు చెప్పిన ఉపమానములో బీదవాని యొద్ద ఒక చిన్న ఆడు గొఱ్ఱెపిల్ల కలదు. అది వాని ముద్దలో పాలు పంచుకొని, వాని గిన్నెలోనిది త్రాగి, వాని కౌగిట పండుకొని, వానికి కుమార్తెవలె నుండెను. రాజు మనస్సు కరగించుటకు పరిశుద్ధాత్మ ఏర్పరచుకొనిన కథ అది. పశువును ప్రేమించుట విగ్రహారాధన యనువారు ఆ అధ్యాయము మరల చదువుకొనవలెను. సామెతల గ్రంథము నీతిమంతుని గురుతులలో ఒకటి తన పశువు ప్రాణమును లక్ష్యపెట్టుట యని చెప్పుచున్నది. యోనా గ్రంథములోని కడపటి మాటయు నీనెవెలోని పశువులను గూర్చినదే. ఏలుడని దేవుడు మనుష్యునితో చెప్పిన మాట నిజమే. అయితే ఏలుబడి యనగా నేమో యెహెజ్కేలు ముప్పది నాలుగవ అధ్యాయములో కనబడును. బలహీనమైనదానిని బలపరచక, గాయపడినదానికి కట్టుకట్టక, క్రొవ్విన మందను మాత్రము అనుభవించిన కాపరులమీద దేవుని కోపము రగులుకొనెను. ఆ మాట ఇశ్రాయేలు నాయకులను గూర్చినదే. అయినను మంచి కాపరి ఎట్టివాడో తెలియనిదే ఆ పోలిక నిలువదు గదా.

మా ప్రక్క గ్రామములో డెబ్బది దాటిన విధవరాలు ఒకామె కలదు. భర్త పోయిన యేట ఎవరో ఒక ఆడకుక్కపిల్లను తెచ్చి ఆమె చేతిలో పెట్టిరి. కుమారులు హైదరాబాదులో పని చేసికొనుచున్నారు. పదమూడేండ్లు ఆ యింటిలో ఆ ఇద్దరే. ఆమె గుడికి వచ్చినప్పుడు అది చెప్పుల దగ్గర కూర్చుండెడిది. ఆరాధన ముగియువరకు కదలెడిది కాదు (మన యువకులలో కొందరిని మించిన ఓర్పు అది). దాని చనుకట్టులో గడ్డ లేచినది. పిల్లలు పుట్టకుండ ఆపరేషను చేయింపని ఆడకుక్కలకు ముసలితనమున ఈ గడ్డ తరచుగా వచ్చునని డాక్టరు చెప్పెను. గడ్డ పగిలెను, ఈగలు వాలెను, పురుగులు పట్టెను. మండలమునుండి పశువైద్యుడు రెండు మారులు వచ్చి పురుగులు తీసి, పుండు కడిగి, మందులు ఇచ్చెను. మూడవ మారు వచ్చి రొమ్ము పరీక్షించి, వ్యాధి ఊపిరితిత్తులకు ప్రాకినదనియు, ఇక తన చేత కాదనియు చెప్పెను. కావలెనన్నచో బాధలేకుండ ముగింపవచ్చుననెను.

అప్పుడు తలకొక సలహా వచ్చెను. కుమారుడు ఫోనులో, "ఎవరిచేతనైనా దూరంగా వదిలేయించమ్మా, నువ్వు చూడలేవు" అనెను. పొరుగువాడు అన్నములో పురుగుమందు కలిపి పెట్టెదననెను. సంఘపెద్ద ఒకరు, "ప్రాణం పోసినవాడే తీసుకుంటాడు, మనం చెయ్యి పెట్టకూడదు" అనిరి. నేను వెళ్లినప్పుడు ఆమె అరుగుమీద కూర్చుండి యుండెను. కుక్క ఆమె మోకాలికి ఆని యుండెను.

"అయ్యగారూ, అది నన్నే చూస్తుంది. డాక్టరుగారిని పిలిపిస్తే నేనే చంపినట్టు గదా?" అని ఆమె అడిగెను.

"అమ్మా, రాత్రిళ్లు అది పడుకుంటుందా?" అని నేనడిగితిని.

"లేదయ్యా. పడుకుంటే ఊపిరాడదు. కూర్చునే ఉంటది. దాంతోపాటు నేనూ కూర్చుంటా."

చదువరీ, ఆ మూడు సలహాలను ఒక్కొక్కటిగా చూడుము. దూరముగా వదలివేయుట మన గ్రామములలో సర్వసాధారణము. గోనెసంచిలో కట్టి, బండిమీద తీసికొనిపోయి, సంతదగ్గరనో పెద్దరోడ్డు ప్రక్కనో దింపివచ్చుదురు. చంపలేదు గనుక పాపము లేదని తృప్తిపడుదురు. ముసలి కుక్క తెలియని చోట ఆకలితోను, ఇతర కుక్కల కాట్లతోను, లారీల చక్రముల క్రిందను చచ్చును. కడవరకు అది యజమానుని వాసన వెదకికొనుచుండును. ఆకలిదప్పులతో బాధపడునట్లు జంతువును విడిచిపెట్టుట 1960 నాటి జంతు హింస నివారణ చట్టము ప్రకారము నేరమే. చట్టము లేకున్నను ఇది మూడింటిలోను హీనమైనదని నా అభిప్రాయము. చంపుట మాత్రము జరుగును. చూచుట మాత్రము తప్పించుకొందుము.

పురుగుమందు మాట ఎక్కువ చెప్పనక్కరలేదు. దానితో చచ్చు జీవి నురుగులు కక్కుచు, కొట్టుకొనుచు, తెలివి యుండగనే గంటలకొలది బాధపడవచ్చును. ఆ కళేబరమును తిన్న కాకియు పిల్లియు కూడ చచ్చును. కుక్కల గుండెలోనికి స్ట్రిక్నీను సూది పొడిచి చంపు క్రూరపద్ధతిని ఆ 1960 చట్టమే పేరు పెట్టి నిషేధించినది.

సంఘపెద్ద మాట అట్లు త్రోసివేయదగినది కాదు. అందులో దైవభయము కలదు. ప్రాణము తీయుటకు జంకని మనస్సు కంటె జంకు మనస్సు వేయి రెట్లు మేలు. అయితే ఒక్క సంగతి ఆలోచింపుడి. ఆ జీవి బ్రదుకులో మన చేయి పెట్టకుండ నున్నది ఎప్పుడు? దానిని తల్లి యొద్దనుండి తెచ్చినది మనము. గొలుసు కట్టినది మనము. ఏమి తినవలెనో, ఎక్కడ పండుకొనవలెనో, పిల్లలను కనవలెనో లేదో నిర్ణయించినది మనమే. అడవిలో నున్నయెడల ఇంత ముసలితనము, ఇంత దీర్ఘరోగము దానికి వచ్చియుండెడివి కావు. వేటాడలేని దినమున అది పోయెడిది. మన అన్నము, మన మందులు, మన కప్పు దానిని ఇంతదూరము నడిపించినవి. పదమూడేండ్లు పట్టుకొనిన చేతిని కడపటి వారమున వెనుకకు తీసికొని, దానికి దేవుని చిత్తమని పేరు పెట్టుట విధేయత యగునా? విశ్రాంతిదినమున బావిలో పడిన ఎద్దును పైకి తీయని వాడెవడని ప్రభువు అడిగెను. దానిని అక్కడ పడనిచ్చినవాడు దేవుడే గనుక ఊరకుందమని ఆయన చెప్పలేదు.

అయినను "అది నన్నే చూస్తుంది" అని ఆమె అన్నదే, ఆ మాట దగ్గర కొంచెము నిలువవలెను. ఈ ప్రశ్నలోని ముల్లు అదియే. నమ్మిన ప్రాణిని నమ్మిన చేతులే చావునకు అప్పగించుట ద్రోహము కాదా? ఆ నమ్మకమేమిటో చూడుము. తాను ఎన్నటికిని చావనని కుక్క నమ్మలేదు; అట్టి ఆలోచన దానికి లేదు. ముల్లు గుచ్చుకొనినప్పుడు కాలు చాపి నీ ముందు పెట్టినది. నీవు ముల్లు తీయునప్పుడు నొప్పి కలిగినను కరువలేదు. తాను చేసికొనలేనిది నీవు చేయుదువని దాని నమ్మకము. ఇప్పుడును అదియే అడుగుచున్నది. తీయగల ముల్లు ఇక మిగులలేదు. బాధను తీయు మార్గము ఒక్కటే యున్నది. అది ద్రోహము కాదని నేను ఆమెతో చెప్పితిని. చెప్పుట సులభమే, చేయించుట ఆమెకు సులభము కాదనియు నాకు తెలియును.

అయితే, చదువరీ, ఇదే మాటను చేతబట్టుకొని మరియొకడు తప్పుడు పనికి దిగవచ్చును. కనుక గట్టిగా అడుగవలసినది ఒకటి కలదు: నీవు ముగింపగోరునది ఎవరి బాధ? ముసలి కుక్క వసారాలో మూత్రము పోయుచున్నది, చెవులు వినబడవు, కండ్లు మసకబారినవి, కడుగుట విసుగు. ఇవి నీ బాధలు. దానికి అన్నము సహించుచున్నది, నిన్ను చూచి తోక ఆడించుచున్నది, ఎండలో సుఖముగా పండుకొనుచున్నది. అట్టిదానిని చంపించి దయ యని పేరు పెట్టకుము. పెండ్లికి ఊరు పోవలెను, చూచువారు లేరను కారణముతో పశువైద్యుని అడిగినవారును గలరు. ఆ డాక్టరు కాదని చెప్పి పంపెను, మంచిపని చేసెను. ఇంకొక ప్రక్కన, విడువలేని మమకారముతో, తినక త్రాగక ఎముకలగూడైన ప్రాణిని నెలలతరబడి ఈడ్చువారును గలరు. "నేను లేకుండ బ్రదుకలేను" అను మాట అక్కడ ప్రేమవలె కనబడును గాని, అదియు తన బాధనే చూచుకొనుట. రెండు దిక్కులను తూచి చూడవలెను. తినుచున్నదా, త్రాగుచున్నదా, తనంతట లేవగలదా, నిద్రించుచున్నదా, మంచి దినములు ఎక్కువా చెడ్డ దినములు ఎక్కువా యని వారము రోజులు ఒక కాగితముమీద గీతలు గీసికొనిన మంచిది. మన మనస్సు మరచిపోవును, కాగితము మరువదు. జంతువులు నొప్పిని దాచుకొనునవి గనుక మూలుగుట లేదు కాబట్టి బాధ లేదనుకొనవద్దు. ఈ నిర్ణయము పశువైద్యుడు చూచిన పిమ్మట చేయవలసినదే గాని పొరుగువారి మాటమీద కాదు. మండల పశువైద్యశాల దూరమైనయెడల 1962 నంబరుకు ఫోను చేసినచో సంచార పశువైద్య సేవవారు పలుకుదురు.

ఒక హెచ్చరిక. కుక్కకు పిచ్చి పట్టినదను అనుమానమున్నచో ఈ మాటలేవియు వర్తింపవు. దాని దగ్గరకు పోవద్దు, నోరు ముట్టవద్దు, వెంటనే పశువైద్యునికి తెలుపవలెను. కాటుగాని గోటిగాయముగాని తగిలినవారు సబ్బుతోను ధారగా పారు నీటితోను పదిహేను నిమిషములు కడిగికొని ఆ దినమే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను.

ఏమి జరుగునో ముందుగా తెలిసికొనుట మేలు. తెలియని భయము పెద్దది. మొదట కండలోనికి మత్తు ఇత్తురు. కొద్ది నిమిషములలో తల బరువెక్కి ప్రక్కకు వాలును. తరువాత ముంగాలి నరములోనికి మత్తుమందుల జాతికే చెందిన మందును మిక్కిలి హెచ్చు మోతాదులో ఎక్కింతురు. మొదట తెలివి పోవును, పిమ్మట ఊపిరి ఆగును, పిమ్మట గుండె ఆగును. సాధారణముగా అంతయు కొద్ది నిమిషములలో ముగియును. కండ్లు మూతపడవు. ఒకటి రెండు మారులు నోరు తెరచి గాలి పీల్చినట్లు కనబడవచ్చును, మూత్రము పోవచ్చును. అప్పటికి దానికి తెలివి లేదు గనుక బాధ కాదు. డాక్టరు గుండె విని అయినదని చెప్పును. కొన్నిచోట్ల మెగ్నీషియం సల్ఫేటు వంటి మందు వాడుదురు. బాగుగా మత్తులోనికి పోయిన పిమ్మట ఇచ్చినచో సరే. తెలివిగా నున్న జీవికి ఇచ్చుట క్రూరము. కనుక "ముందు మత్తు ఇచ్చెదరా డాక్టరుగారూ?" అని అడుగుటకు మొగమాటపడవద్దు. ఇంటిలో ఇంకొక కుక్క యున్నచో దానిని అవతల కట్టివేయుడి. వీధికుక్కల విషయమై 2023లో వచ్చిన ప్రభుత్వ నియమములు కూడ ఒక కుక్క యెదుట మరియొక కుక్క ప్రాణము తీయరాదనుచున్నవి.

దగ్గర ఉండవలెనా అని అడుగుదురు. ఉండగలిగినవారు ఉండవలెను. తెలిసిన చేయి తలమీద నున్నంతవరకు అది బెదరదు. ఇంటికి పిలిపించుటలోని మేలు అంతయు అదియే గదా; తన గోనెపట్ట, తన అరుగు, తన మనుష్యులు. ఆ విధవరాలు దాని తలను ఒడిలో పెట్టుకొని యుండెను. మత్తు సూది గుచ్చినప్పుడు అది ఒక్కమారు ఆమె చేయి నాకినది. అంతే.

పిల్లలున్న యింటిలో అబద్ధము చెప్పవద్దు. ఊరికి పంపితిమనుట, పారిపోయెననుట, నిద్రపుచ్చితిమనుట వద్దు. నిద్రపోయి లేవలేదని విన్న పసివాడు రాత్రి కండ్లు మూయుటకు భయపడును. అది చాల బాధపడెను, బాగుచేయుట ఎవరివలనను కాలేదు, ఇక బాధపడకుండ చనిపోవునట్లు డాక్టరు మందు ఇచ్చెనని చెప్పుడి. ఏడ్వనియ్యుడి.

కొందరు దీనినుండి ఇంకొక మాట లాగుదురు. కుక్కకు దయయైనది మంచమెక్కిన మనుష్యునికి కాదా యందురు. కాదు. కుక్కకు నేటి నొప్పి తప్ప వేరు లోకము లేదు. రేపు తగ్గునని దానికి చెప్పి ఓదార్చలేము. మనుష్యుడు దేవుని పోలికెలో చేయబడినవాడు. మంచముమీద నుండియు క్షమింపగలడు, క్షమాపణ అడుగగలడు, ప్రార్థింపగలడు, కుమారుని చేయి పట్టుకొని ఒక మాట చెప్పగలడు. పశువుమీద దేవుడు మనకిచ్చిన ఏలుబడి తోటి మనుష్యునిమీద ఇయ్యలేదు. బాగుపడని రోగికి యంత్రముల సహాయము ఆపుటను మన సుప్రీంకోర్టు 2018లో కొన్ని కట్టుబాట్లతో అంగీకరించెను గాని, సూదిమందుతో ప్రాణము తీయుటను అంగీకరింపలేదు. మన ముసలి తలిదండ్రుల చెవిని పడునట్లు ఇట్టి పోలికలు ఆడుటయే పాపము. వారు ఇప్పటికే మనకు భారమైతిమని అనుకొనుచున్నారు.

అది మరల కనబడునా? ఈ ప్రశ్న ఆమె అడిగెను, నీవును అడుగుదువు. రోమా పత్రిక ఎనిమిదవ అధ్యాయములో సృష్టియంతయు మూలుగుచు విడుదలకొరకు కనిపెట్టుచున్నదని పౌలు వ్రాసెను. ఆ వాక్యముల మీద జాన్ వెస్లీ తన ప్రసంగములో మూగజీవులును ఆ విడుదలలో పాలుపొందునని నిరీక్షించెను. ప్రసంగి గ్రంథకర్తయో, మృగముల ప్రాణము ఎక్కడికి పోవునో ఎవరికి తెలియునని అడిగి ఊరకుండెను. వాక్యము తేల్చనిదానిని నేను తేల్చను. పిచ్చుక నేలపడుట కూడ తండ్రికి తెలియకుండ జరుగదని ప్రభువు చెప్పెను. అంతవరకు ఆమెతో ధైర్యముగా చెప్పితిని.

పూడ్చుటను గూర్చి ఒక మాట. ఆ మందు శవములో చాలకాలము నిలిచియుండును. నక్కయో ఊరకుక్కయో త్రవ్వి తిన్నచో అదియు చచ్చును. కాబట్టి నాలుగడుగులకు తక్కువకాని గోతిలో, బావికిని కాలువకును దూరముగా పూడ్చి, మన్ను గట్టిగా త్రొక్కి, పైన బరువైన రాళ్లు పేర్చవలెను. పెరడు లేనివారు పొలము గట్టున పూడ్చుకొందురు. అక్కడ ప్రార్థన చేయవచ్చునా యని సంఘపెద్దలు నన్ను అడిగిరి. సమాధి ఆరాధన క్రమము చదువలేదు. అది ప్రభువునందు నిద్రించువారికొరకు ఏర్పడినది. పదమూడేండ్లు ఆ యింటికి తోడునిచ్చినవానికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించితిని. ప్రాణము తీయరాదని వాదించిన ఆ పెద్దయే పార పట్టుకొని గోయి పూడ్చెను.

ఇట్టి యింటికి పరామర్శకు పోవుట నవ్వులాటగా తలంపకుడి. సాయంత్రము వేళ పోయి కొంతసేపు కూర్చుండుడి. "మరొక పిల్లను తెచ్చుకోరాదా" అని వెంటనే అనకుడి. ఆమె అన్నము పెట్టినయెడల కాదనక తినుడి; అలవాటుచొప్పున రెండు పిడికెళ్లు ఎక్కువే వండియుండును.